ఏం పొగరా గుంటా?

జీపుని రాత్రి ఎక్కడ ఆపాడో చూసి డ్రైవరు ఎలాంటివాడో చెప్పేసేవారు మా వైపు. ఇంటి గుమ్మం ముందు చదునుగా ఉన్నచోట ఆపితే కొత్తవాడు, లేదా బండి కొత్తది. దిగుడు మీద, ముక్కు కిందికి పెట్టి, ముందు చక్రాలకి చెరో రాయీ అడ్డం పెట్టి, గేరులో వదిలేసి పోతే వాడు కనీసం రెండు చలికాలాలు చూసినవాడు. చింతపల్లిలో అప్పట్లో సర్వీసు జీపులన్నీ రాత్రి ఒకే వరసలో, ఒకే దిగుడు మీద, ఒకే దిక్కుకి తిరిగి ఉండేవి. పరాయి ఊరివాళ్ళు చూసి ఇక్కడేదో స్టాండు ఉందనుకునేవారు. స్టాండు ఊరి మధ్యలో ఉండేది. ఇది స్టార్టింగు కోసం దొరికిన వాలు.

1980ల చివర, 90ల మొదట్లో మా చింతపల్లి కొండల్లో మోటారంటే జీపే. ఆర్టీసీ బస్సు నర్సీపట్నం నుంచి ఘాటీ ఎక్కి లంబసింగి మీదుగా వచ్చేది గానీ తారురోడ్డు విడిచి కదిలేది కాదు. లోపలి గూడేల నుంచి పసుపు, చింతపండు, పిప్పళ్ళు, రాజ్‌మా మూటలు సంతకి దిగాలన్నా, పురిటి నొప్పులు పడుతున్న మనిషి ఆసుపత్రికి చేరాలన్నా జీపే దిక్కు. మా మేనమామ అలాంటి జీపొకటి నడిపేవాడు. బండి ఆయనది కాదు, నర్సీపట్నంలో ఉండే షావుకారుది. నేను ఇంటర్ చదవడానికి కొండ దిగేదాకా చలికాలం పొద్దుటి పూటల్లో దానికి క్లీనర్ని. జీతం లేదు. మావ ఇంట్లో అన్నం ఉంది, ఎప్పటికైనా స్టీరింగు పట్టుకోనిస్తాడన్న ఆశ ఉంది.

బండి మహీంద్రా ఎమ్మెమ్ 540. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో అమెరికా విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడంతో మొదలైన కంపెనీ, చాలా ఏళ్ళపాటు పెట్రోలు జీపులే అమ్మింది. డీజిలు పెట్రోలు ధరలో దాదాపు సగానికి దొరికే రోజుల్లో కొండరోడ్ల మీద పెట్రోలు జీపు నడిపి బతకడం ఎవరి తరమూ కాలేదు. పాత విల్లీసు పెట్రోలు ఇంజన్ పీకించేసి, ఏదో ఒక డీజిలు ఇంజన్ కూర్చోబెట్టించుకున్నవాళ్ళు మా వైపూ ఉండేవారు. 1985లో వచ్చిన ఎమ్మెమ్ 540కి ఆ అవస్థ లేదు. ఫ్రెంచి ప్యూజో కంపెనీ లైసెన్సుతో మన దేశంలోనే తయారైన ఎక్స్‌డీపీ 4.90 డీజిలు ఇంజన్ అందులో ఉండేది. నాలుగు సిలిండర్లు, ఒక్కోటీ 90 మిల్లీమీటర్ల వెడల్పు. మొత్తం 2112 సీసీ, 62 హార్స్‌పవర్. ఆ పవరుతోనే మావ ముందు సీట్లో ముగ్గుర్నీ, వెనక పదీ పన్నెండు మందినీ, టాపు మీద మూటల్నీ, మూటల మీద మళ్ళీ మనుషుల్నీ ఎక్కించుకుని మట్టిరోడ్డు లాగించేవాడు. ఒకసారి వేడెక్కాక ఆ ఇంజనుకి వంక పెట్టేందుకు లేదు. చిక్కంతా ఆ మొదటి వేడి దగ్గరే.

పెట్రోలు ఇంజన్లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గుంటుంది. డీజిలుకి ఉండదు. సిలిండరు పీల్చిన గాలిని ఇరవై రెట్లకి పైగా నొక్కితే ఆ నొక్కుడుకే గాలి కాలిపోయేంత వేడెక్కుతుంది. దాని మీద సన్నగా ఆయిలు చిమ్మితే తనంతట తనే అంటుకుంటుంది. (డీజిలుని మా డ్రైవర్లు ఆయిలనే అంటారు, ఇంజనాయిలుని ఇంజనాయిలంటారు. నేనూ అలాగే రాస్తాను.) 1890ల్లో రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు పట్టుకున్న సూత్రం ఇదే. ప్యూజో ఇంజన్లో ఆయిలు నేరుగా సిలిండర్లో పడదు, హెడ్డులో ఉన్న చిన్న గదిలో పడుతుంది. అందువల్ల చప్పుడు తక్కువ, నడక మెత్తన. కానీ గది అన్నాక గోడలుంటాయి, చల్లటి ఇనుప గోడలు గాలిలో పుట్టిన వేడిని పుట్టినట్టే తాగేస్తాయి. ఆ నష్టం పూడ్చడానికి ఒక్కో గదిలో ఒక హీటర్ ప్లగ్గు పెట్టారు. బ్యాటరీ కరెంటుతో దాని కొస ఎర్రగా కాలుతుంది. కింద మైదానంలో, మే నెలలో, ఆ నాలుగూ మాడిపోయినా బండి లేస్తుంది. డ్రైవరుకి తెలియను కూడా తెలియదు. లంబసింగిలో డిసెంబరు రాత్రి రెండు మూడు డిగ్రీలకి దిగితే ఒక్క ప్లగ్గు పోయినా వీధి వీధంతటికీ తెలిసేది.

చలి ఒక్క గాలినే పట్టుకుంటే బాగుండేది. నలభై గ్రేడు ఇంజనాయిలు రాత్రికి రాత్రి చిక్కబడిపోయేది, డిప్‌స్టిక్ పైకి తీస్తే చుక్క జారడానికి మనసొప్పేది కాదు. గేరుబాక్సులోది ఇంకా చిక్కన. ఆ చిక్కదనాన్నంతా తిప్పాల్సిన సెల్ఫు మోటారుకి వందల ఆంపియర్ల కరెంటు కావాలి. ఇవ్వాల్సిన బ్యాటరీయేమో చలికి ముడుచుకుని కూర్చుంటుంది. సీసం ప్లేట్లకీ యాసిడ్‌కీ మధ్య జరిగే రసాయన వ్యవహారం చల్లబడేకొద్దీ మందగిస్తుంది. సున్నా డిగ్రీల దగ్గర బ్యాటరీ సత్తువ సుమారు మూడో వంతు తగ్గిపోతుంది. పైగా సెల్ఫు కొట్టక ముందే నాలుగు హీటర్లూ కలిసి తమ వాటా తాగి ఉంటాయి. సెల్ఫు నెమ్మదిగా తిరిగితే గాలిని నొక్కడమూ నెమ్మదిగానే సాగుతుంది. నెమ్మదిగా నొక్కిన గాలికి గోడల్లోకి వేడి పోగొట్టుకునే తీరిక ఎక్కువ. ఇలా ఒకదాని బలహీనత ఇంకొకదాని మీద పడుతూ వెళ్ళేది. అందుకే పొద్దున్న లేవని జీపు ముందు నిలబడి "బ్యాటరీ పోయింది" అనేసేవాణ్ణి మావ డ్రైవరుగా లెక్కపెట్టేవాడు కాదు.

చలికాలపు పని సాయంత్రమే మొదలయ్యేది. ఆఖరి ట్రిప్పు దించాక బండి దిగుడు మీద ఆగేది. అప్పటి డీజిలు ఇంజన్ తాళం తీస్తే ఆగిపోయేది కాదు. స్టాప్ కేబుల్ లాగి ఆయిలు ఆపితేనే ఆగేది. కేబుల్ లాగే ముందు మావ ఒక్క నిమిషం ఇంజన్ని ఊరికే తిరగనిచ్చి చెవి అప్పగించేవాడు. రేపటి జబ్బు ఇవాళ సాయంత్రమే పలుకుతుందని ఆయన నమ్మకం, చాలాసార్లు పలికేది కూడా. తర్వాత నా వంతు. పది నంబరు, పదమూడు నంబరు స్పానర్లు పట్టుకుని బ్యాటరీ ఊడదియ్యడం. ముందు ఎర్తు తీగ, ఆ తర్వాతే రెండోది. వరస మారిస్తే, స్పానరు బాడీకి తగిలి రవ్వలు లేస్తాయి. బ్యాటరీ మోసుకుని ఇంట్లోకి తెచ్చి, పొయ్యికి మరీ దగ్గర కాకుండా, మరీ దూరం కాకుండా, చెక్క మీద పెట్టి గోనెసంచి కప్పేవాళ్ళం. మా అత్త దాన్ని చూసినప్పుడల్లా ఇంట్లో ఇంకో పసిబిడ్డని పడుకోబెట్టినట్టుందని విసుక్కునేది. యాసిడ్ కంపు ఆమెకి పడదు. పాపం, ఆమె మాటే రైటు, ఛార్జింగు ఆగిన వెంటనే బ్యాటరీ నుంచి వచ్చే గాలి నిప్పు పక్కన ఉండకూడనిది. కానీ వెచ్చగా తెల్లవారిన బ్యాటరీకీ బయట తడిసిన బ్యాటరీకీ తేడా ఎంతో పొద్దున్న సెల్ఫు చప్పుడులో తెలిసిపోయేది, కాబట్టి అత్త మాట ఎవరూ వినలేదు.

పొద్దున్న నాలుగున్నరకి, పొగమంచులో, బ్యాటరీ బిగించాక మావ ముందు హారన్ కొట్టేవాడు. ఎవర్నో పిలవడానికి కాదు, హారన్ గొంతే మా వోల్టుమీటరు. గొంతు బొంగురుపోతే బ్యాటరీ దిగినట్టు. గొంతు ఖంగుమని, సెల్ఫు మాత్రం టక్కుమని ఊరుకుంటే జబ్బు బ్యాటరీలో లేదు, దారిలో ఉంది. టెర్మినల్ మీద పూసిన తెల్లటి, పచ్చటి బూజో, ఛాసిస్‌కి బిగించిన ఎర్తు పట్టీ వదులో. వేడినీళ్ళు పోసి, గుడ్డతో తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, గ్రీసు రాసి బిగిస్తే సగం రోగాలు అక్కడే పోయేవి. డాష్‌బోర్డు దీపం ఇంకో సాక్షి. సెల్ఫు కొట్టినప్పుడు దీపం కాస్త మసకబారితే మామూలే. పూర్తిగా ఆరిపోతే ఎక్కడో తీగ పట్టు వదిలింది. అసలు మసకబారకుండా వెలుగుతూనే ఉంటే కరెంటు సెల్ఫుదాకా పోలేదన్నమాట. అప్పుడు నన్ను బండి కిందికి దూరమని, సెల్ఫు మోటారు వీపు మీద స్పానరుతో రెండు దెబ్బలు వెయ్యమనేవాడు. అరిగిన కార్బన్ బ్రష్షులు ఇరుక్కుపోయి ఉంటే ఆ దెబ్బకి కదిలి ఆర్మేచర్‌ని అంటుకునేవి. అది వైద్యం కాదు, వాయిదా. బ్రష్షులు మార్పించేదాకా ప్రతి పొద్దునా ఆ దెబ్బలు తప్పవు.

సెల్ఫు బాగానే తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు అంటే అసలు పరీక్ష అప్పుడు. క్లచ్ పూర్తిగా తొక్కి పెట్టి, గేరుబాక్సు బరువు సెల్ఫు మీద పడకుండా చూసి, హీటర్ బటన్ నొక్కి లోపల్లోపల ఇరవైదాకా లెక్కపెట్టి, మావ సెల్ఫు కొట్టేవాడు. నేను వెనక సైలెన్సరు గొట్టం దగ్గర లాంతరు పట్టుకుని ఉండేవాణ్ణి.

"ఏం పొగరా గుంటా?"

"తెల్లపొగ మావా."

"కళ్ళు మండుతున్నాయేటి?"

"మండుతున్నాయి."

"అయితే ఆయిలొస్తంది. వేడే నేదు."

ఈ నాలుగు ముక్కల్లో డీజిలు వైద్యం సగం ఉంది. కళ్ళు మండించే తెల్లపొగంటే కాలని ఆయిలు ఆవిరై బయటికొస్తోంది. ఆయిలు చిమ్మే నాజిళ్ళు పని చేస్తున్నాయి, అంటుకోవడమే లేదు. కాబట్టి హీటర్లు చూడాలి, లేదా రింగులరిగి కంప్రెషన్ పోయిందేమో చూడాలి. అసలు పొగే లేదంటే ఆయిలే రావడం లేదు. ట్యాంకు నుంచి పంపుదాకా దారి వెతకాలి. ఇది తెలియని డ్రైవర్లు పొగ చూడకుండా సెల్ఫు కొట్టి కొట్టి బ్యాటరీని చంపి, అప్పుడు జనాన్ని తొయ్యమని పిలిచేవారు. మావకి వాళ్ళంటే ఉన్న చులకన మాటల్లో పెట్టేది కాదు.

హీటర్ల పరీక్ష నాకు చాలా ఇష్టం. నాలుగు ప్లగ్గుల నెత్తినీ కలిపే ఇత్తడి పట్టీ విప్పి, బ్యాటరీ నుంచి తెచ్చిన తీగతో ఒక్కోదాన్నీ తాకించాలి. చిట్లిన రవ్వ కనబడితే బతికుంది. ఏమీ లేకపోతే లోపల తీగ తెగింది. మాడిన ప్లగ్గుని బయటికి తీస్తే కొస కరిగి వంకర తిరిగి ఉండేది కొన్నిసార్లు. అప్పుడు మావ మొహం మారేది. ప్లగ్గు కొస దానంతట అది కరగదు, దాని ఎదురుగా ఉన్న నాజిలు సన్నగా చిమ్మకుండా కారిపోతోందని అర్థం. ప్లగ్గు మార్చి నాజిలు వదిలేస్తే కొత్త ప్లగ్గూ నెల తిరక్కుండా పోతుంది. నాజిళ్ళు పరీక్ష పెట్టి సరిచేసే మెషీను నర్సీపట్నం పంపు షాపులోనే ఉండేది. నాజిళ్ళూ పంపులూ అన్నీ అప్పట్లో మైకోవే. 1951లో మొదలైన ఆ కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారింది, కానీ మా మెకానిక్‌ల నోట్లో ఇప్పటికీ అది మైకోయే.

పొగ రాని పొద్దులు వేరు. ఆయిలు గొట్టాల్లో ఎక్కడో వెంట్రుకంత సందుంటే, రాత్రంతా ఆయిలు ట్యాంకులోకి వెనక్కి జారిపోయి ఆ జాగాలో గాలి చేరుతుంది. దాన్ని ఎయిరు పట్టడమంటారు. పగలు నడుస్తున్నంతసేపూ ఏ తేడా ఉండదు, అందుకే కనిపెట్టడం కష్టం. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ ఉంటే ముందు నురగ, తర్వాత బుడగలు, ఆఖరికి అద్దం తీగ సాగినట్టు బుడగల్లేని ఆయిలు వస్తుంది. అప్పుడు స్క్రూ బిగించాలి. తర్వాత నాజిలు గొట్టాల నట్లు ఒక్కొక్కటీ వదులు చేసి సెల్ఫు కొట్టించి అక్కడి గాలీ వదిలించాలి. ఆ చలిలో ఆయిలు చేతికంటితే వేళ్ళు కొయ్యబారిపోతాయి. స్పానరు జారి మణికట్టు గీరుకుంటే నొప్పి ఎండెక్కాకే తెలిసేది. ఇంజన్ లేచాక మూడు సిలిండర్ల మీదే కొట్టుకుంటుంటే మళ్ళీ అవే నట్లు ఒక్కొక్కటీ వదులు చేసి వినడం. ఏది వదులు చేసినా చప్పుడు మారాలి. ఏది వదులు చేస్తే మారలేదో ఆ సిలిండరు పని చెయ్యడం లేదు.

ఇవేవీ పని చెయ్యని రోజు తోపు. రాళ్ళు తీసి, దిగుడు మీద వదిలి, రెండో గేరులో క్లచ్ ఒక్కసారి వదిలితే ఇంజన్ ఉలిక్కిపడి తిరిగేది. దిగుడు చాలకపోతే, లేదా చదునులో బండి ఆగిపోతే మనుషులు కావాలి. ఇక్కడికొచ్చేసరికి జీపు సంగతి కాస్తా ఊరి సంగతి అయ్యేది.

అయిదు గంటల చలిలో గుడిసెలోంచి బయటికొచ్చి ఎవరి జీపో తొయ్యాల్సిన అవసరం ఎవరికీ లేదు. అయినా వచ్చేవారు, దుప్పటి తల మీంచి తియ్యకుండానే. ఎందుకొచ్చేవారంటే మావకి వాళ్ళు బాకీ ఉండేవారు. మావ వాళ్ళకి అంతకంటే ఎక్కువ బాకీ ఉండేవాడు. ఊళ్ళో కరెంటు ఉన్నా లేనట్టే. పెళ్ళికి మైకుసెట్టు పెట్టాలన్నా, జాతరకి పాటలు వెయ్యాలన్నా పన్నెండు వోల్టుల బ్యాటరీ కావాలి. అది జీపుల్లో తప్ప ఎక్కడా లేదు. సాయంత్రం ఇద్దరు పెద్దమనుషులు వచ్చి అరుగు మీద కూర్చుని, వానల గురించీ పసుపు ధర గురించీ మాట్లాడి, చీకటి పడ్డాక "బావూ, బేటరీ..." అని నసిగేవారు. కాదనడం కుదరదు. రేపు పొద్దున్న తోసేది వాళ్ళే. రాత్రంతా మైకు పాడితే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. ఖాళీ బ్యాటరీ తెచ్చిన పెళ్ళివారే కళ్ళు నులుముకుంటూ జీపు తోసేవారు. తోసినవాళ్ళకి ఆ రోజు సంతకి టిక్కెట్టు లేదు. షావుకారు మాత్రం ప్రతి నెలా లెక్క చూసి, ఇంతమంది ఎక్కితే డబ్బు ఇంతేనా అని మావని నిలదీసేవాడు. తోపుకూలీ అనే పద్దు ఆయన పుస్తకంలో లేదు. కింద మైదానపు పల్లెల్లో ట్రాక్టరు బ్యాటరీల మీద టీవీ పెట్టుకుని ఆదివారాలు రామాయణం చూశారని విన్నాం. మా ఊళ్ళో టీవీయే లేదు కాబట్టి మా బ్యాటరీకి ఆ పుణ్యం దక్కలేదు.

బ్యాటరీ లేకుండా కూడా ఆ జీపు నడిచేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఒకసారి లేచిందంటే దానికి కరెంటుతో పని లేదు. ఆయిలు పంపు ఇంజన్ తిప్పుడుకే తిరుగుతుంది, అంటుకోవడం నొక్కుడు వల్ల జరుగుతుంది. బ్యాటరీ పూర్తిగా పోయిన బండిని పొద్దున్న తోసి లేపి, సంతలో నాలుగు గంటలూ ఇంజన్ ఆపకుండా ఉంచి, సాయంత్రం వెలుగుండగానే ఇల్లు చేరిన రోజులున్నాయి. సంతలో అలా కొట్టుకుంటూ నిలబడ్డ జీపు కనబడితే దాని బ్యాటరీ సంగతి అందరికీ అర్థమయ్యేది. ఆయిలు దండగని షావుకారు గింజుకునేవాడు.

కొండ దిగిన రోజు నర్సీపట్నంలో బ్యాటరీ షాపుకి వెళ్ళడం నాకు పండగ. ఇప్పటి బ్యాటరీకి మూత తియ్యడమే లేదు. అప్పటిది నల్లటి గట్టిరబ్బరు పెట్టె, పైన తారు పోసి మూసిన ఆరు గదులు, గదినీ గదినీ కలుపుతూ పైకి కనబడే సీసం కడ్డీలు. ఒక్కో గదీ రెండు వోల్టుల పైచిలుకు. షాపాయన పెద్ద ఫోర్కు లాంటి సెల్ టెస్టరు తెచ్చి రెండు కొనలూ గది కడ్డీలకి గుచ్చితే ముల్లు లేచేది. అయిదు గదుల మీద ముల్లు నిలబడి, ఆరో గది మీద కూలిపోతే జబ్బు తేలిపోయినట్టే. యాసిడ్ మీటరు ముంచితే ఆరోగ్యంగా ఉన్న గదిలో 1250, 1260 దగ్గర తేలేది, చచ్చిన గదిలో 1150 దగ్గర మునిగిపోయేది. అప్పుడాయన తారు కాల్చి తీసి, సీసం కడ్డీ కోసి, ఆ ఒక్క గది ప్లేట్ల కట్ట పైకి లాగేవాడు. అడుగున బూడిదరంగు బురద. ప్లేట్లు మార్చి, మధ్య సెపరేటర్లు పెట్టి, కడ్డీ మళ్ళీ పోతపోసి, తారు పోసి, చెక్కబల్ల మీద వరసలో రాత్రంతా ఛార్జింగు పెట్టేవాడు. ఒక గది పోతే ఒక గదే మార్చే ఆ పద్ధతి చూసి ఎంత పొదుపో అని అప్పుడు మురిసిపోయాను. ఆ షాపులో పనిచేసే కుర్రాళ్ళ చొక్కాల నిండా యాసిడ్ చిల్లులుండేవి. సీసం కరిగించే పొగ ఆ చిన్న గదిలోనే తిరిగేది. ఆ పొదుపు ఖర్చెవరి ఒంటి మీద పడిందో తర్వాతెప్పుడో గానీ తట్టలేదు.

షాపాయన చెప్పిన ఒక మాట మావ ఎప్పటికీ పాటించాడు. బ్యాటరీని చంపేది చలికాలం కాదు, ఎండాకాలం. వేడికి నీరు ఆవిరై ప్లేట్లు బయటపడతాయి, సీసం తుప్పు పడుతుంది. చలి వచ్చి ఆ చావుని బయటపెడుతుందంతే. అందుకని మా ఇంట్లో ఆషాఢం వానల్లో ఒక పని ఉండేది. చూరు నీళ్ళు పనికిరావు, ఇనుము తగిలిన నీళ్ళు అసలే పనికిరావు కాబట్టి, నడి వాకిట్లో గాజు పాత్ర పెట్టి ఆకాశం నుంచి నేరుగా పడ్డ నీళ్ళు పట్టి సీసాల్లో దాచేవాళ్ళం. డిస్టిల్డ్ వాటర్ కొనే డబ్బు ఆ మేరకి మిగిలేది. గెడ్డ నీళ్ళు పోసే డ్రైవర్లుండేవారు. వాళ్ళ బ్యాటరీలు రెండో చలికాలం చూసేవి కావు.

అన్నీ ఇలాంటి తెలివైన పనులే అనుకోకండి. హీటర్లు పోయి, కొనే డబ్బుల్లేక, ఎయిర్ ఫిల్టరు మూత తీసి కిరసనాయిలు గుడ్డకి నిప్పంటించి దాని ముందు పట్టి సెల్ఫు కొట్టేవాళ్ళుండేవారు. వేడిగాలి లోపలికి పోయి ఇంజన్ లేచే మాట నిజం. మంట కూడా లోపలికి పోయే మాటా నిజమే. ఇంజన్ కింద బొగ్గుల కుంపటి పెట్టి చిక్కబడ్డ ఆయిలుని కరిగించడం మావే చేశాడు, ఆయిలు కారే పాత బండి కింద! ఏ రోజూ ఏమీ కాలేదు కాబట్టి కథలాగా చెప్పుకుంటున్నాం. ఘాటీ మలుపుల్లో అంత బరువుతో బ్రేకులు నమ్ముకుని దిగిన జీపులన్నీ ఇంటికి చేరలేదు. టాపు మీద కూర్చున్నవాళ్ళ ప్రాణాలకి టిక్కెట్టులో సగం విలువ కూడా ఉండేది కాదు. ఆ రోజులు మళ్ళీ రావాలని నేనెవరి దగ్గరా అనను. నాకు ఇప్పటికీ పనికొచ్చేది ఆ పొగ చూసి చెప్పే అలవాటొక్కటే: ముందు ఏది కాదో తేల్చుకుని, ఆ తర్వాత స్పానరు పట్టుకోవడం.

90లు ముగిసేసరికి డీఐ ఇంజన్ జీపులు కొండెక్కాయి. వాటిలో ఆయిలు నేరుగా సిలిండర్లో పిస్టను నెత్తిన పడుతుంది, చిన్న గది లేదు, వేడి తాగే గోడలూ లేవు. మా చలికి వాటికి హీటరే అక్కర్లేకపోయింది. చప్పుడు మోటుగా ఉందని మావ మొదట ఈసడించాడు. ఆ చలికాలమంతా ఒక్కసారీ తోపు లేకుండా గడిచాక ఈసడింపు మానేశాడు. తర్వాత మూతలేని బ్యాటరీలొచ్చాయి. తిరుపతి దగ్గర తయారయ్యే అమరాన్ 2000లో బజారులోకి వచ్చింది. నీళ్ళు పొయ్యక్కర్లేదు, పొయ్యడానికి వీలూ లేదు. గది గదిగా విప్పి బాగుచేసే షాపులకి విప్పడానికి ఏమీ మిగల్లేదు. పాత బ్యాటరీని కొన్నచోటే తిరిగి ఇచ్చేలా 2001లో నిబంధనలూ వచ్చాయి. నర్సీపట్నం షాపు ఇప్పుడు అద్దాల తలుపుతో కొత్త బ్యాటరీలు అమ్ముతోంది, ఛార్జింగు బల్ల ఉన్నచోట బిల్లింగు కంప్యూటరుంది. లోపలి గూడేలకి రోడ్లు పడ్డాయి, ఆటోలు, మోటారు సైకిళ్ళు వచ్చాయి. పెళ్ళి మైకులకి జనరేటర్లొచ్చాయి. మావతో సాయంత్రం అరుగు మీద కూర్చుని వానల గురించి మాట్లాడేవాళ్ళు తగ్గిపోయారు. ఏ గొడవా జరగలేదు, అడగాల్సిన పని లేకపోయింది. క్లీనరనే కొలువు జీపులకి అసలే లేకుండా పోయింది. మాతో పాటు దిగుడు వరసలో నట్లు వదులు చేసిన కుర్రాళ్ళలో ఇద్దరు విశాఖలో లారీలు నడుపుతున్నారు, ఒకడు పంపు షాపు పెట్టి ఈ మధ్యే మూసేశాడు.

పోయిన జనవరిలో మావని చూడ్డానికి వెళ్ళినప్పుడు లంబసింగి దగ్గర ఒక కొత్త డీజిలు కారు రోడ్డు పక్కన ఆగిపోయి ఉంది. మేఘాలు చూడ్డానికొచ్చిన కుర్రాళ్ళు రాత్రంతా అందులో పాటలు పెట్టుకున్నారట. బ్యాటరీ దిగింది, సెల్ఫు టక్కుమంటోంది. నలుగురూ కలిసి ఉత్సాహంగా తోస్తున్నారు. మావ కర్ర పొడుచుకుంటూ దగ్గరికెళ్ళి లోపలికి తొంగి చూశాడు. క్లచ్ లేదు, ఆటోమేటిక్ గేరు. "బావూ, ఇది మీరు నర్సీపట్నందాకా తోసినా లేవదు, ఆపేయండి" అన్నాడు. కంపెనీ వాళ్ళకి ఫోను చేస్తే కింద నుంచి బండి రావడానికి రెండు గంటలు పడుతుందన్నారు. ఆ కుర్రాళ్ళు మావ కొడుకు టీకొట్టు ముందు కూర్చుని బొంగులో చికెన్‌కి ఆర్డరిచ్చారు. మావ మాత్రం ఇంకా ఆ కారు చుట్టూ తిరుగుతూ, బ్యానెట్ ఎలా ఎత్తుతార్రా దీనికి అని అడుగుతున్నాడు.